సోమవారపు పరిచయం

2041 ఫిబ్రవరి 11, సోమవారం, ఉదయం తొమ్మిది గంటలు. స్థలం: విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయపు రోగనిరోధక శాస్త్ర విభాగం, మూడో అంతస్తు, కణచికిత్స ప్రయోగశాల. హాజరైనవారు: విభాగాధిపతి ఆచార్య నిరుపమ, కణాల పెంపకం చూసే శాస్త్రవేత్త డాక్టర్ జానీ బాషా, టెక్నీషియన్ పైడితల్లి, కింది అంతస్తులోని వార్డు నుంచి డాక్టర్ ఎస్తేరు. గైర్హాజరైనవారు లేరు. సోమవారం ఉదయం ఆ గదికి రాకుండా ఉండే హక్కు ఎవరికీ లేదు.

నలుగురూ వరసగా కూర్చుని చేతులు చాపారు. పైడితల్లి ముగ్గురి దగ్గరా ఒక్కో రంగు మూత ఉన్న చిన్న గొట్టంలోకి రక్తం తీసి, తన వంతు రాగానే సూదిని ఎస్తేరు చేతికిచ్చి మొహం గోడవైపు తిప్పుకుంది.

"వారం వారం మా అందరికీ గుచ్చుతావు. నీకు గుచ్చితే చూడలేవా?" అంది ఎస్తేరు.

"గుచ్చినోళ్ళకే తెలుస్తాదమ్మా సూది ఎంత పొడుగో. మీరు కానీండి."

ఈ తంతుకు ఆ ప్రయోగశాలలో 'పరిచయం' అని పేరు. ఆరేళ్ళ కిందట నిరుపమ, జానీ కలిసి తయారు చేసిన కావలి కణాలకు మిగిలిన చికిత్స కణాలకు లేని గుణం ఒకటుంది. మామూలు చికిత్స కణానికి శత్రువు ముఖం నేర్పి పంపుతారు. శత్రువు ముఖం మార్చుకున్ననాడు అది దిక్కులు చూస్తుంది. కావలి కణాలకు శత్రువును చూపించరు. ఇంటివాళ్ళను చూపిస్తారు. ఆరోగ్యవంతుల రక్తం ఎలా ఉంటుందో వారానికొకసారి చూసి గుర్తుంచుకుని, అలా లేనిదాన్ని అవి చంపుతాయి. ఎవరి ఒంట్లోకి ఎక్కించినా ఇమిడిపోయేలా వాటి సొంత ఆనవాళ్ళన్నీ ముందే చెరిపేశారు. ఇక ఆరోగ్యవంతులెవరు? బయటి మనుషుల రక్తం కావాలంటే అనుమతులు, సంఘాలు, నెలల తరబడి ఎదురుచూపు. సొంత చెయ్యి చాపడానికి అనుమతి అక్కర్లేదు. ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయ ప్రయోగశాల అయినా చేసే పనే వీళ్ళూ చేశారు.

పదకొండున్నరకు జానీ సూక్ష్మదర్శిని దగ్గర కూర్చుని నాలుగు గుంటల పళ్ళేన్ని కింద పెట్టాడు. బతికున్న కణం ఆకుపచ్చగా, చచ్చిన కణం ఎర్రగా కనిపించేలా రంగు వేసి ఉంది. నలుగురి రక్తంలో కావలి కణాలు కలిసి రెండు గంటలైంది. ఎప్పటిలాగే నాలుగు పచ్చిక బయళ్ళు కనిపించాలి. జానీ చూశాడు. పళ్ళేన్ని తీసి, అడుగు తుడిచి, మళ్ళీ పెట్టి చూశాడు. తర్వాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, ఒకసారి మీరు చూస్తారా?"

మూడు గుంటలు పచ్చగా ఉన్నాయి. నాలుగోది, ఆరేళ్ళుగా ప్రతి సోమవారం పచ్చగా ఉన్నది, అక్కడక్కడ ఎర్రగా ఉంది. ఆ ఎరుపు చెదురుమదురుగా లేదు. కావలి కణాలు గుంపుగా చేరి, వేలకొద్దీ కణాల మధ్య కొన్నిటినే ఏరి, చుట్టుముట్టి చంపాయి.

"ఇది ఎవరిది?"

పళ్ళెం అంచున ఉన్న గుర్తు ఆమెకూ కనిపిస్తూనే ఉంది.

"తెల్ల మూత, మేడమ్. మీది."

*

మధ్యాహ్నం కొత్త రక్తంతో మళ్ళీ చేశారు. అదే ఫలితం వచ్చింది. నిరుపమ సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద రెండు వాక్యాలు రాసింది. మొదటిది: కావలి చెప్పింది నిజం, నా రక్తంలో పరాయిదేదో ఉంది. రెండోది: కావలి దారి తప్పింది.

"మూడోది లేదా?" అంది ఎస్తేరు.

"ఉంటే నువ్వే చెప్పు."

మొదటిది నిజమైతే యాభయ్యారేళ్ళ స్త్రీ ఒకతె రోగిష్ఠి. రెండోది నిజమైతే ఆపద వేరొకరిది. కావలి కణాలు ఎక్కించిన మనిషి ఇంతవరకు లోకంలో ఒక్కతే. జాలరిపేటలో ఉండే పదేళ్ళ హిమజ. రక్తకాన్సర్ మూడుసార్లు తిరగబెట్టి, ఉన్న మందులన్నీ అయిపోయాక, రెండేళ్ళ కిందట ఆమెకు ఈ కణాలు ఎక్కించారు. అప్పటినుంచి ఆ పిల్ల బడికి వెళుతోంది. దారి తప్పిన కావలి ఆమె ఎముకల మూలుగను పరాయిదనుకున్న రోజున ఇక దాన్ని ఆపేది లేదు. ముందే ఆపాలి. ఆపడానికి మందు ఉంది. అది ఎక్కించిన పూటలోనే ఒంట్లోని కావలి కణాలన్నీ చచ్చిపోతాయి. ఆ తర్వాత ఆమె జబ్బుకు, ఆమెకు మధ్య అడ్డు ఉండదు.

"దారి తప్పడానికి కారణం ఉంది," అన్నాడు జానీ నెమ్మదిగా. "నేనే."

ఆ సంగతి అందరికీ తెలుసు. రెండేళ్ళ కిందటి తుఫానుకు విశ్వవిద్యాలయం మూడు నెలలు మూతపడింది. మిగతావాళ్ళెవరూ ఊళ్ళోకి రాలేకపోయారు. జానీ ఒక్కడే ప్రయోగశాలలో చాప వేసుకుని ఉండిపోయి, జనరేటరు కాచుకుంటూ, ప్రతి సోమవారం నాలుగు గొట్టాల్లోనూ తన రక్తమే నింపి పరిచయం జరిపించాడు. తిరిగొచ్చాక వాళ్ళు అతనికి కేకు కోశారు. ఒక్క సోమవారం కూడా తప్పనివ్వని మనిషి అని దాని మీద రాయించారు. హిమజకు ఇచ్చిన కణాలను తీసింది ఆ తర్వాతి వారమే.

"మూడు నెలలు ఒక్క ముఖమే చూశాయి మేడమ్. ఇంటిల్లిపాదీ జానీలే అనుకుని ఉంటాయి." నవ్వబోయి మానేశాడు. నల్లబల్ల మీద తాను రాసిన ఒక అంకె తప్పని గమనించి అరచేత్తో తుడవబోయాడు.

"తుడవకు," అంది నిరుపమ. "ఒక్క గీత కొట్టు. పక్కన పొడి సంతకం పెట్టు. తప్పు కూడా చదవడానికి మిగలాలి."

ఇరవయ్యేళ్ళుగా ఆమె తన విద్యార్థులకు చెప్పే రెండు పాఠాల్లో అది ఒకటి. ఫలితం చూడకముందే నిబంధన రాయాలన్నది రెండోది. ఆశ ఉన్న మనిషి అనుకున్నది దొరికేదాకా వెతుకుతాడు, దొరికాక వెతకడం ఆపుతాడు. అందుకని ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకోవాలి. ఆ సాయంత్రం నలుగురూ కూర్చుని తేల్చుకుని, నల్లబల్ల మీద రాశారు. నిరుపమ రక్తాన్నీ మూలుగనూ పది రోజుల ఎడంతో రెండుసార్లు, చేతనైనంత నిశితంగా పరీక్షిస్తారు. ఏ ఒక్కసారి ఏమి కనబడ్డా కావలి చెప్పింది నిజం. హిమజకు భయం లేదు. రెండుసార్లూ ఏమీ కనబడక, ఈలోగా కావలి మరొకరి రక్తాన్ని కూడా చంపితే, అది దారి తప్పినట్టు. ఆపు మందు ఇచ్చి, ప్రయోగశాలలోని కణాలను కూడా నాశనం చేయాలి.

"రెండే ఎందుకు? మూడుసార్లు పెట్టుకుందాం," అన్నాడు జానీ.

"మూడని రాస్తే నాలుగోది అడుగుతాను. నన్ను నేను ఎరుగుదును."

*

మొదటి పరీక్షలో ఏమీ లేదు. ఫలితం చేతికొచ్చిన నాడు నిరుపమ ఇంటికెళ్ళేసరికి భర్త భాస్కరరామం వంటింట్లో రవ్వ వేయిస్తున్నాడు. రేవులోకి ఓడలను దారి చూపి తీసుకొచ్చే పైలట్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆయన అధికారమంతా నాలుగు బర్నర్ల పొయ్యి మీద.

"ఫోన్లో చెప్పావుగా ఏమీ లేదని. కేసరి చేస్తున్నాను. మొహం అలా పెట్టావేం?"

"ఏమీ లేదంటే సంతోషించాలా?"

"లోకంలో మామూలుగా అదే చేస్తారు నిరూ. జబ్బు లేదంటే సంతోషిస్తారు. జబ్బు ఉండాలని మొక్కుకునే మనిషిని నిన్నే చూశాను."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోంది. నిద్ర సరిగా లేనందువల్ల అనుకుంది.

"నాకు జబ్బు ఉంటే ఆ పిల్లకు లేనట్టండీ. నాకు లేకపోతే…"

"తెలుసు. పది రోజుల్నించి నీ నోట్లో ఇంకో మాట లేదు." ఆయన గరిటె తిప్పడం ఆపలేదు. "ఒకటి చెప్తాను, కోపం తెచ్చుకోకు. నాకు ఆ పిల్ల మొహం తెలీదు. నీ మొహం తెలుసు. నన్ను ఎంచుకోమంటే ఒక్క క్షణం కూడా ఆలోచించను."

"ఎంచుకోమని మిమ్మల్నెవరూ అడగలేదు."

"అడక్కపోవడం వాళ్ళ అదృష్టం."

ఆయన కేసరి గిన్నెలో వేసి ఆమె ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆమె తినేదాకా లేవలేదు. ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు మనుషులు ఆ పూట ఒకరికొకరు వ్యతిరేకమైన కోరికలు కోరుకుంటున్నారు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

*

హిమజను మూడు నెలలకోసారి వార్డుకు తీసుకొస్తారు. ఆ నెలాఖరులో తల్లి నూకాలు ఆమెను తీసుకొచ్చింది. నూకాలు హార్బరులో చేపల వేలం పాడుతుంది. మామూలుగా మాట్లాడినా వార్డు చివరిదాకా వినబడుతుంది.

"ఇదిగో జానీ మామా," అంది హిమజ మంచం మీద కాళ్ళూపుతూ. "నా లోపలున్న సైన్యం నీ రగతమే ఎక్కువ సూసిందంట కదా. మరి నాకూ నీలాగ గెడ్డం వచ్చీస్తాదా?"

"గెడ్డం రాదు. లెక్కల్లో మార్కులు వస్తాయి."

"అయితే ఇంకా రాలేదేటి? రెండేళ్ళయింది కదా!"

నూకాలు పకపకా నవ్వింది. నిరుపమ వైపు తిరిగి, "సూసినారా మేడమ్, నోరు. ఇది నోరెత్తి ఇలాగ మాటాడతాదని నేననుకున్నానా? మొట్టమొదట కాళ్ళ మీద నీలం మచ్చలే వచ్చినాయి. అరచెయ్యంత మచ్చలు. మానవు. పక్కింటోళ్ళు నేనే పిల్లని గొడ్డును బాదినట్టు బాదీసినానని పోలీసులకి సెప్పీస్తామన్నారు. ఆ మచ్చలే రోగమని నాకేటి తెలుసు?" అని పిల్ల మోకాలి కింద నిమిరింది. "ఇప్పుడు సూడండి. ఎలాగున్నాదో!"

కాలు నున్నగా ఉంది. నిరుపమ చూసి తలాడించింది.

ఆ మధ్యాహ్నం హిమజ రక్తాన్ని ఆమె ఒంట్లోని కావలి కణాలతోనే కలిపి చూశారు. రెండేళ్ళుగా ఏ మచ్చా లేని పచ్చదనం మధ్య అక్కడో ఎర్ర చుక్క, ఇక్కడో ఎర్ర చుక్క. జానీ సూక్ష్మదర్శిని నుంచి కళ్ళు తీయకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు.

ఎస్తేరు తొంగిచూసి ఊపిరి వదిలింది. "దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు కదా. పాత జబ్బు తల ఎత్తబోతుంటే కావలి నరుకుతోందేమో. అలాగైతే ఇది శుభవార్తే."

"లేదా మూలుగను కొరకడం మొదలుపెట్టిందేమో," అంది నిరుపమ.

"మీరెందుకు మేడమ్ ఎప్పుడూ చెడ్డదానివైపే?"

"మంచిది నిజం కావాలని నాకు మరీ ఎక్కువగా ఉంది ఎస్తేరూ. అందుకు."

చచ్చిన కణం ఏ జాతిదో చెప్పే ఆనవాలు మిగలనివ్వకుండా చంపడం కావలి కణాలకు వాళ్ళు నేర్పిన సుగుణాల్లో ఒకటి. ఒకప్పుడు దాన్ని గురించి నిరుపమ దేశదేశాల సభల్లో సగర్వంగా మాట్లాడింది.

*

రెండో పరీక్షలో కూడా ఏమీ లేదు.

మార్చి మొదటి సోమవారం నలుగురూ మళ్ళీ చేతులు చాపారు. రాత్రి మేనల్లుడి పెళ్ళికి వెళ్ళొచ్చిన పైడితల్లి తల్లో పూలతోనే వచ్చింది. పదకొండున్నరకు జానీ పళ్ళెం చూసి, కుర్చీ వెనక్కి జరిపి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు. నిరుపమ గుంట ఎప్పటికంటే ఎర్రగా ఉంది. దాని పక్క గుంటలోనూ ఎరుపు ఉంది.

"పసుపు మూత," అన్నాడు. "పైడితల్లిది."

"నా రగతానికి ఏటొచ్చింది?" అంది పైడితల్లి కంగారుగా. "రాత్రి పెళ్ళిలో మూడుసార్లు వడ్డించుకుని తిన్నాను. రోగమున్న మనిషి తింటాదేటి అలాగ?"

ఎస్తేరు ఆమెను అక్కడే కూర్చోబెట్టి నాడి చూసింది, కళ్ళు చూసింది, జ్వరం చూసింది. ఏమీ లేదు. మామూలు రక్తపరీక్షలన్నీ చేయించింది. అన్నీ సక్రమంగా ఉన్నాయి. అదే మధ్యాహ్నం హిమజ రక్తాన్ని తెప్పించి చూశారు. ఎర్ర చుక్కలు క్రితం వారం కంటే రెట్టింపయ్యాయి.

నిరుపమ నల్లబల్ల మీద నిబంధన రాసిన చోటికెళ్ళి నిలబడింది. ఎవరూ తుడవకుండా చుట్టూ గీత గీసి కాపాడిన ఆ వాక్యాలను పైకి చదివింది. రెండు పరీక్షలు: ఏమీ లేదు. రెండో మనిషి: అయింది.

"ఇక మందే," అంది.

"మేడమ్, ఇంకొక్కసారి మీ మూలుగ పరీక్షిద్దాం." జానీ లేచాడు. "రేపు పొద్దున్న. ఒక్కసారి."

"రెండని ముందే అనుకున్నాం."

"అనుకున్నాం. అనుకున్నది మనమే కదా, ఆకాశంలోంచి ఊడిపడలేదు. మీ గుంట వారం వారం ఎరుపెక్కుతోంది. నా రక్తం మరిగినవైతే ఎస్తేరును ఎందుకు వదిలాయి? ఎస్తేరు నాకేం చుట్టం కాదు కదా?"

"ఇవాళ వదిలాయి. వచ్చే వారం?"

"వచ్చే వారం చూద్దాం!"

"వచ్చే వారానికి ఆ పిల్ల మూలుగ మిగలకపోతే?"

జానీ గొంతు తగ్గించి అన్నాడు: "మేడమ్, మీకు జబ్బు ఉండాలని నేను రోజూ నమాజులో కోరుకుంటున్నాను. పదిహేనేళ్ళు మీ దగ్గర పని నేర్చుకున్నవాణ్ణి. అల్లా నన్నెలా క్షమిస్తాడో తెలీదు. ఒక్క పరీక్ష. నా కోసం."

ఆమె అతని వైపు చూసిన చూపులో కోపం లేదు.

"నేనూ అదే కోరుకుంటున్నాను జానీ. నీకంటే ఎక్కువగా. నాకు జబ్బు ఉంటే నీది తప్పు కాదు, నాది తప్పు కాదు, ఆ పిల్ల బతుకుతుంది, మన ఆరేళ్ళ పనీ బతుకుతుంది. నాకు కావలసినవన్నీ ఆ ఒక్క జవాబులో ఉన్నాయి. అన్నీ ఒకేచోట ఉన్న జవాబును ఎలా నమ్మమంటావు? మూడోసారి చేయించుకుంటే అది పరీక్ష కాదు. ఆశ."

ఎస్తేరు కిటికీ వైపు తిరిగింది. పైడితల్లి తల్లోని పూలు తీసి చెత్తబుట్టలో వేసింది. నిరుపమ చెప్పినదాంట్లో తప్పెక్కడుందో చూపించగలిగినవాళ్ళెవరూ లేకపోయారు.

*

మరుసటి ఉదయం ఎనిమిది గంటలకు వార్డులో నూకాలు ముందు కాగితం పెట్టింది ఎస్తేరు. మంచం మీద హిమజ నిద్రపోతోంది. నిరుపమ జరిగినదంతా నూకాలుకు దాచకుండా చెప్పింది: కావలి కణాలు తప్పు చేస్తున్నాయనుకుంటున్నామని, వాటిని చంపకపోతే అవే పిల్లను చంపుతాయని, చంపితే పాత జబ్బు తిరిగి రావచ్చునని, వస్తే ఇవ్వడానికి తమ దగ్గర వేరే మందు లేదని.

వేలంలో పదిమంది గొంతులను నొక్కేసే నూకాలు నిద్రపోతున్న పిల్ల వైపు చూసి గొంతు తగ్గించింది.

"అయితే రెండు పక్కలా గొయ్యే కదా మేడమ్."

"ఒక పక్కది దగ్గర్లో ఉంది. రెండోది కొంచెం దూరం."

"దూరం అంటే?"

"నెలలు. ఈలోగా మేము మళ్ళీ మొదటినుంచి కొత్త కణాలు తయారుచేయడానికి చూస్తాం. మాట ఇవ్వలేను."

"ఒకటడుగుతాను. మీ పిల్లయితే మీరేటి సేస్తారు?"

నిరుపమకు పిల్లలు లేరు. ఆ మాట చెప్పి తప్పించుకోవచ్చు. "సంతకం పెడతాను," అంది.

"మరింకేటి." నూకాలు కలం తీసుకుంది. "మీరు సదువుకున్నోళ్ళు. దానికి ఊపిరి పోసింది మీరు. మీరు కాదన్నది నేను ఔనంటానా?" అక్షరాలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పేరు రాసింది. రాసిన చోట వేలితో రుద్ది, సిరా అంటుకుందేమోనని వేలు చూసుకుంది.

తొమ్మిదికి మందు ఎక్కడం మొదలైంది. మందు రంగులేనిది, నీళ్ళలా ఉంటుంది. హిమజ లేచి, గొట్టం వైపు చూసి, "ఇదేటి కొత్తది? సైన్యానికి జీతమా?" అని అడిగింది. ఎస్తేరు నవ్వడానికి ప్రయత్నించి ఏదో చెప్పింది. అదే సమయానికి పై అంతస్తులో జానీ ఆరేళ్ళుగా పెంచిన కణాల పళ్ళేలన్నిటినీ, చలిపెట్టెలో దాచిన గొట్టాలను కూడా, బ్లీచింగ్ ద్రావణంలో ముంచుతున్నాడు. నిబంధనలో అదీ ఉంది. కణాలు పెరిగే గులాబీరంగు ద్రవం ఒక్కొక్క పళ్ళెంలో పసుపై, తర్వాత తెల్లబడింది. ఏ ఒక్కటీ దాచుకోవాలని అతనికి అనిపించలేదని చెప్పలేం. కాని అతను నిరుపమ శిష్యుడు.

*

మధ్యాహ్నం మూడు దాటాక కాగితం పైకి వచ్చింది. దాని మీద నూకాలు, ఎస్తేరు సంతకాలు ఉన్నాయి. విభాగాధిపతి సంతకం చేయవలసిన చోటు ఖాళీగా ఉంది. తెచ్చింది పైడితల్లి. మార్చి ఎండలో శాలువా కప్పుకుని ఉంది.

"అదేమిటి పైడితల్లీ, ఆ వేషం?"

"సలి మేడమ్. పొద్దున్నించి ఒకటే వణుకు. ఒళ్ళు కాలిపోతోంది. ఎస్తేరమ్మ సూసి, రగతం తీసి పంపినారు." పళ్ళు టకటకలాడుతుంటే మాట ఆగి ఆగి వచ్చింది. "డెంగీ అంట. నిన్నటికే రగతంలో ఉండుంటాదన్నారు. కనపడనంత సిన్నగా."

నిరుపమ కాగితం అందుకోబోయిన చెయ్యి గాలిలోనే ఆగింది.

కనపడనంత చిన్నగా. ఎస్తేరు నాడి చూసినా, కళ్ళు చూసినా, రక్తపరీక్షలన్నీ చేయించినా కనపడనంత చిన్నగా. నిన్న పదకొండున్నరకు పసుపు మూత గుంటలో కావలి కణాలు చుట్టుముట్టినవి పైడితల్లి మంచి కణాలు కావు. డెంగీ దూరి కూర్చున్నవి.

"నువ్వు ఇంటికి వెళ్ళు," అంది. "ఆటో పిలిపించుకో. నీళ్ళు బాగా తాగు."

పైడితల్లి వెళ్ళాక నిరుపమ కుర్చీలో కూర్చుని ఎడమచేతి జాకెట్టు చేతిని పైకి జరిపింది. నిన్న ఉదయం సూది గుచ్చిన చోట ఆవగింజంత మచ్చ ఉండాలి. అక్కడినుంచి ముంజేతి సగందాకా నీలం పరుచుకుని ఉంది. అరచెయ్యంత. చీర కుచ్చెళ్ళు కొద్దిగా ఎత్తి చూసింది. మోకాలి కింద ఒకటి, మడమ పైన రెండు. ఎక్కడా తగిలించుకున్న గుర్తు లేదు. వేలితో నొక్కింది. నొప్పి లేదు, మచ్చ కదల్లేదు. ఆమెకు వెంటనే గుర్తొచ్చింది నూకాలు గొంతు. ఆ మచ్చలే రోగమని నాకేటి తెలుసు?

పది రోజుల కిందటి రెండో పరీక్షకు అందనిది, మూడో పరీక్షకు అంది ఉండేది.

తలుపు దగ్గర చప్పుడైంది. బ్లీచింగ్ వాసనతో జానీ లోపలికి వచ్చి, రెండడుగులు వేసి, ఆమె చేతిని చూశాడు. కళ్ళు ఆ మచ్చ మీదే ఉండిపోయాయి. ఆమె చెయ్యి దాచలేదు.

"పళ్ళేలు?" అని అడిగింది.

"అన్నీ అయిపోయాయి మేడమ్."

"చలిపెట్టె?"

అతను తలూపాడు. అప్పుడే బల్లమీది ఫోను మోగింది. ఎస్తేరు. నిరుపమ ఫోను జానీకి కూడా వినబడేలా పెట్టింది.

"మేడమ్, హిమజ రక్తం చూశాను. కావలి కణాలు సున్నా. ఒక్కటి కూడా లేదు. మందు పూర్తిగా పనిచేసింది. పిల్ల బాగానే ఉంది, ఆకలేస్తోందంటోంది. నూకాలు చేపల పులుసు తెస్తానని ఇంటికెళ్ళింది. మీరు సంతకం పెట్టేస్తే ఫైలు మూసేస్తాను." కాస్త ఆగి, "మేడమ్? వింటున్నారా?" అంది.

"వింటున్నాను. ఎస్తేరూ, నువ్వొకసారి పైకి రా. సూదీ గొట్టాలూ పట్టుకురా."

"ఎవరికి?"

"నాకు."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది.

జానీ గోడకు ఆనుకుని మెల్లగా నేలమీద కూర్చున్నాడు. తుఫాను రోజుల్లో చాప పరుచుకున్న మూల అది. "మొదటినుంచి చెయ్యొచ్చు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "ఇక్కడిదాకా రావడానికి ఆరేళ్ళు పట్టింది కాని, ఈసారి దారి తెలుసు కదా. సగం కాలం చాలు."

"మూడేళ్ళు," అంది నిరుపమ.

హిమజ రక్తంలో కావలి నరికినవి పాత జబ్బు కణాలేనని, ఆమెకు అంత కాలం లేదని ఇద్దరికీ ఇప్పుడు తెలుసు. నిరుపమకు ఎంత ఉందో ఎస్తేరు తెచ్చే సూది చెబుతుంది.

ఆమె కాగితాన్ని ముందుకు లాక్కుంది. అచ్చు వేసిన గళ్ళు. రోగి పేరు. ఇచ్చిన మందు. ఇచ్చిన వేళ. ఇవ్వడానికి కారణం: 'కావలి కణాలు దారి తప్పినందున.' ఆ వాక్యం ఉదయం ఆమె చేత్తో రాసినదే. ఎప్పటిలాగే గుండ్రంగా, తీరుగా ఉంది. కలం మూత తీసి ఆ వాక్యం మీదుగా ఒక్క గీత కొట్టింది, అడుగున అక్షరాలు చదవడానికి వీలుగా. పక్కనున్న చోటులో రాసింది: 'కావలి కణాలు సక్రమంగా ఉన్నాయి. మందు పొరపాటున ఇవ్వబడింది.' రాసినదాన్ని చూసి, 'ఇవ్వబడింది' అన్నదాని మీద మరొక గీత కొట్టి, 'ఇచ్చాను' అని రాసింది. రెండు గీతల పక్కనా పొడి సంతకాలు పెట్టింది.

మెట్ల మీద ఎస్తేరు పరుగెత్తుకొస్తున్న చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది. కిటికీలోంచి హార్బరు వైపు సాయంత్రపు వేలం కేకలు సన్నగా వినబడుతున్నాయి. అందులో నూకాలు గొంతు ఇవాళ లేదు.

నిరుపమ అడుగున తన పూర్తి పేరుతో సంతకం చేసి తేదీ వేసింది. సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని రెండు మడతలు పెట్టి, హిమజ ఫైల్లో ఉంచి, అలమరా మూసింది. తర్వాత వచ్చి కుర్చీలో కూర్చుని, చేయి చాపింది.